హైస్కూల్లో ఉండగానే కాలేజీ క్లాసులు: ఫీజు మాఫీ, స్కాలర్‌షిప్ ఎలా పొందాలి?

అమెరికాలో పిల్లల్ని చదివిస్తున్న తెలుగు తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను. పదకొండో తరగతి చదువుతున్న మీ అమ్మాయి ఒకరోజు బడి నుంచి వచ్చి, "నాన్నా, మా స్కూల్లో స్టాటిస్టిక్స్ లేదు, కమ్యూనిటీ కాలేజీలో తీసుకుంటాను" అంటుంది. మీరు ఫీజు ఎంతో చూస్తారు, వెంటనే స్కాలర్‌షిప్‌ల కోసం వెతకడం మొదలుపెడతారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. రెండు శని, ఆదివారాలు కూర్చుని పెద్ద జాబితా తయారుచేశాను. తీరా కాలేజీకి వెళ్తే, ప్రవేశాల విభాగంలో ఒకావిడ మా కాగితాలు చూసి, "మీ అమ్మాయికి ట్యూషన్ ఫీజే లేదు కదా, స్కాలర్‌షిప్ దేనికి?" అని అడిగారు.

ఆ ప్రశ్న నా లెక్కనంతా తలకిందులు చేసింది. ఈ చదువుకు డబ్బు వచ్చే దారుల్లో స్కాలర్‌షిప్ చివరిది. మొదటిది మాఫీ. మన తెలుగు రాష్ట్రాల్లో ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం ఎవరూ పోటీపడి వ్యాసాలు రాయరు. అర్హత ఉందని చూపిస్తారు, కాగితాలు పెడతారు. ఇక్కడ కూడా చాలా రాష్ట్రాల్లో పద్ధతి దాదాపు అంతే. అందుకే ముందు మాఫీ సంగతి తేల్చుకోండి. తర్వాత మిగిలిన ఖర్చు లెక్కవేయండి. ఆ మిగిలినదానికి మాత్రమే స్కాలర్‌షిప్ అడగండి.

ఈ ఏర్పాటును డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ అంటారు. డ్యూయల్ క్రెడిట్, కాంకరెంట్ ఎన్‌రోల్‌మెంట్ అనే పేర్లూ వినిపిస్తాయి. మన ఇంటర్మీడియట్ వయసు పిల్లలు హైస్కూల్లో ఉంటూనే దగ్గరి రెండేళ్ళ కాలేజీలో ఒకటో రెండో క్లాసులు చదువుతారు. చాలాచోట్ల ఒకే క్లాసు హైస్కూలుకూ కాలేజీకీ లెక్కకు వస్తుంది. 2022-23 విద్యా సంవత్సరంలో అమెరికా మొత్తం మీద దాదాపు 25 లక్షల మంది హైస్కూలు పిల్లలు ఇలా చదివారు. అరుదైన అవకాశమేమో, మనకెందుకు ఇస్తారులే అని వెనకాడకండి.

ముందు మీ రాష్ట్రం ఏమంటుందో చూడండి

ఈ విషయంలో నియమాలన్నీ రాష్ట్రాలవే. పక్క రాష్ట్రంలో ఉన్న మీ తోడల్లుడు చెప్పింది మీకు వర్తించకపోవచ్చు. మనవాళ్ళు ఎక్కువగా ఉన్న కొన్ని రాష్ట్రాల సంగతి చెబుతాను.

కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీ ఫీజు యూనిట్‌కు (క్లాసు ఎంత పెద్దదో కొలిచే లెక్క, క్రెడిట్ అని కూడా అంటారు) 46 డాలర్లు. మూడు యూనిట్ల క్లాసుకు 138. కూపర్టినోలోని డి ఆంజా లాంటి క్వార్టర్ పద్ధతి కాలేజీల్లో యూనిట్‌కు 31 డాలర్లు. హైస్కూలు పిల్లలు టర్ముకు 11 యూనిట్ల వరకు పార్ట్‌టైంగా చదివితే ఈ ఫీజును మాఫీ చేసే అధికారం కాలేజీకి ఉంది. చాలా కాలేజీలు చేస్తాయి కూడా. ఇది కాక 2016 నుంచి సీసీఏపీ (కాలేజ్ అండ్ కెరీర్ యాక్సెస్ పాత్‌వేస్) అనే మరో ఏర్పాటు నడుస్తోంది. మీ స్కూలు జిల్లాకూ కాలేజీకీ మధ్య ఈ ఒప్పందం ఉంటే 15 యూనిట్ల వరకు చదవవచ్చు, పిల్లల నుంచి ఫీజులేవీ వసూలు చేయరు. తేడా ఎక్కడ తెలుస్తుందంటే, ఒప్పందం లేని మామూలు పద్ధతిలో చేరినప్పుడు ట్యూషన్ పోయినా ఆరోగ్య ఫీజు, విద్యార్థి సంఘం ఫీజు లాంటి చిన్న చిన్న మొత్తాలు బిల్లులో మిగిలిపోవచ్చు. కాబట్టి "మా స్కూలుకు సీసీఏపీ ఒప్పందం ఉందా?" అని ఆ పేరుతోనే అడగండి.

వాషింగ్టన్ రాష్ట్రంలో దీని పేరు రన్నింగ్ స్టార్ట్. పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలకు ట్యూషన్ ఉండదు. పుస్తకాలు, ఫీజులు, రాకపోకల ఖర్చు మాత్రం ఇంటివాళ్ళవే. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు ఆ ఫీజుల్లోనూ మాఫీ ఉంది, కానీ అడిగి తీసుకోవాలి. మిన్నెసోటాలో 1985 నుంచే పీఎస్ఈఓ పేరుతో ఈ పద్ధతి ఉంది. అక్కడ ట్యూషన్‌తో పాటు తప్పనిసరి పాఠ్యపుస్తకాలూ ఉచితమే. ఫ్లోరిడాలో ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు ట్యూషన్, రిజిస్ట్రేషన్, ల్యాబ్ ఫీజులు ఉండవు, పుస్తకాలూ కొనక్కర్లేదు. ఉత్తర కరోలినాలో కెరీర్ అండ్ కాలేజ్ ప్రామిస్ కింద ట్యూషన్ ఉచితం. కేరీ, మోరిస్‌విల్ ప్రాంతాల మనవాళ్ళు పిల్లల్ని వేక్ టెక్ కమ్యూనిటీ కాలేజీకి పంపేది ఈ దారిలోనే. జార్జియాలో ట్యూషన్‌నూ పుస్తకాలనూ రాష్ట్ర పథకం చూసుకుంటుంది, కానీ 2020లో వచ్చిన మార్పుతో మొత్తం 30 క్రెడిట్ గంటలకు పరిమితి పెట్టారు. ఉన్న 30 గంటలను ఏ క్లాసులకు వాడుకోవాలో అక్కడివాళ్ళు ముందే ఆలోచించుకోవాలి.

ఒహాయోలో 2015 నుంచి కాలేజ్ క్రెడిట్ ప్లస్ ఉంది. ఏడో తరగతి నుంచే చేరవచ్చు. ప్రభుత్వ పాఠశాల పిల్లలు ప్రభుత్వ కాలేజీకి వెళ్తే ఏమీ కట్టనక్కర్లేదు. ఒక్క మెలిక ఉంది: క్లాసులో ఫెయిలైతే ఆ ఖర్చును స్కూలు జిల్లా మీ దగ్గర వసూలు చేయవచ్చు. సంతకం పెట్టే కాగితంలో ఆ వాక్యం ఉంటుంది, చదవకుండా సంతకం పెట్టకండి.

టెక్సస్‌లో డ్యూయల్ క్రెడిట్ ఫీజు కాలేజీని బట్టి మారుతుంది. 2023లో చేసిన చట్టంతో ఫాస్ట్ అనే పథకం వచ్చింది. గడిచిన నాలుగు విద్యా సంవత్సరాల్లో ఎప్పుడైనా బడిలో ఉచిత భోజనానికో తగ్గింపు ధర భోజనానికో అర్హత పొందిన పిల్లలకు, పథకంలో ఉన్న కాలేజీల్లో డ్యూయల్ క్రెడిట్ పూర్తిగా ఉచితం. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఉద్యోగం పోయిన ఏడాది కూడా భోజనం దరఖాస్తు నింపడానికి మనవాళ్ళు మొహమాటపడతారు. దయచేసి పడకండి. ఆ దరఖాస్తు ఒక్క భోజనంతో ఆగదు. మాఫీలకు, తగ్గింపులకు చాలాచోట్ల అదే ఆధారపత్రం.

మీ రాష్ట్రం పై వాటిలో లేకపోతే, రాష్ట్ర విద్యాశాఖ సైటులో డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ పేజీ చూడండి. లాటరీ ఆదాయంతో టెనెసీ ఇచ్చే డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ గ్రాంటు లాంటివి కొన్ని రాష్ట్రాల్లో ఉన్నాయి. న్యూయార్క్ నగరంలో ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు సిటీ యూనివర్సిటీ వారి కాలేజ్ నౌ ఉచితం.

ఎఫ్ఏఎఫ్ఎస్ఏ ఇప్పుడు నింపనక్కర్లేదు

ఆర్థిక సాయం అనగానే అందరూ ఎఫ్ఏఎఫ్ఎస్ఏ అంటారు, అంటే కాలేజీ చదువుకు కేంద్ర ప్రభుత్వ సాయం కోరే దరఖాస్తు. నేనూ ఒక రాత్రంతా దాని ముందు కూర్చున్నాను. హైస్కూల్లో చదువుతున్న విద్యార్థికి, కాలేజీలో ఎన్ని క్లాసులు తీసుకుంటున్నా సరే, పెల్ గ్రాంటు లాంటి కేంద్ర ప్రభుత్వ విద్యా సాయం రాదు. 2016లో కొన్ని కాలేజీల్లో ప్రయోగంగా ఇచ్చి చూశారు, కానీ నియమం మారలేదు. పన్నెండో తరగతిలో, ఆపై చదువు కోసం నింపండి. అంతకు ముందు ఆ సమయాన్ని కౌన్సెలర్‌కు కేటాయించండి.

కౌన్సెలర్‌ను కలవండి, ఒక సెమిస్టర్ ముందే

శరదృతువు (ఫాల్) క్లాసులకు ఫిబ్రవరి, మార్చిలోనే మాట మొదలుపెట్టాలి. ఎందుకంత ముందు అంటారా? ఒక్క అనుమతి పత్రం మీద విద్యార్థి, తల్లి లేదా తండ్రి, కౌన్సెలర్, కొన్నిచోట్ల ప్రిన్సిపాల్ కూడా సంతకం పెట్టాలి. ఆ కౌన్సెలర్ కింద వందల మంది పిల్లలుంటారు. మా అమ్మాయి పత్రం మొదటిసారి కౌన్సెలర్ బల్ల మీద తొమ్మిది రోజులు ఉండిపోయింది. అది చేతికి వచ్చేసరికి మేము కోరుకున్న సాయంత్రం క్లాసు నిండిపోయింది. పైగా చాలా కాలేజీల్లో హైస్కూలు పిల్లలకు నమోదు తేదీ వరుసలో చివర ఉంటుంది. ఆలస్యానికి ఆలస్యం తోడవుతుంది.

వెళ్ళేటప్పుడు మీ అమ్మాయి చేతిలో ఒక కాగితం ఉండాలి. దాని మీద క్లాసు పేరు, నంబరు, రెండో ఎంపికగా మరో క్లాసు, ఆ క్లాసు ఎందుకు కావాలో ఒక్క వాక్యం రాసుకోవాలి. మాట్లాడేది తనే కావాలి, మీరు పక్కన ఉంటే చాలు. అడగాల్సినవి ఇవి: ఈ క్లాసు హైస్కూలు క్రెడిట్‌కు కూడా లెక్కకు వస్తుందా? దీని ఫీజు ఎవరు కడతారు? పుస్తకాలు ఎవరివి? క్లాసు మధ్యలో వదిలేస్తే ఎవరికి ఏం కట్టాలి? ఈ ఖర్చుల కోసం స్కూలు జిల్లా దగ్గర గానీ, తల్లిదండ్రుల సంఘం దగ్గర గానీ ఏమైనా నిధి ఉందా? చివరి ప్రశ్న చాలామంది అడగరు. అడిగినవాళ్ళకే ఆ నిధి సంగతి తెలుస్తుంది.

మాఫీ తర్వాత మిగిలేది

ట్యూషన్ సున్నా అని చూసి ఊపిరి పీల్చుకున్నాక, అసలు బిల్లు పుస్తకాల దుకాణంలో కనిపిస్తుంది. ఇప్పుడు చాలా క్లాసుల్లో హోంవర్క్‌ను ఆన్‌లైన్‌లో చేయాలి. దానికి ఒక యాక్సెస్ కోడ్ కొనాలి. పాత పుస్తకం ఎవరి దగ్గరైనా తెచ్చుకోవచ్చు గానీ, ఈ కోడ్ ఒకరు వాడితే మరొకరికి పనికిరాదు. అందుకే క్లాసు ఎంచుకునేటప్పుడే షెడ్యూల్లో పుస్తకాల ఖర్చు గుర్తు ఉందేమో చూడండి. కాలిఫోర్నియా కాలేజీల్లో పుస్తకాల ఖర్చు లేని క్లాసులకు ప్రత్యేకంగా గుర్తు పెడతారు. అదే క్లాసును ఇద్దరు చెబుతుంటే, పుస్తకం ఖర్చు లేని సెక్షన్‌లో చేరడం ఏ చిన్న స్కాలర్‌షిప్‌కూ తీసిపోదు. కోడ్ అక్కర్లేని క్లాసైతే ప్రొఫెసర్‌కు ముందే ఉత్తరం రాసి, పాత సంచిక సరిపోతుందేమో అడగండి. కాలేజీ లైబ్రరీలో పాఠ్యపుస్తకం రిజర్వులో ఉంటే, అక్కడే కూర్చుని రెండు గంటలు చదువుకోవచ్చు.

వీటికి పార్కింగ్ పర్మిట్టు, ల్యాబ్ సామగ్రి, కాలిక్యులేటర్, బస్సు చార్జీలు కలపండి. అంతా ఒక కాగితం మీద వేసి కూడండి. వచ్చిన ఆ మొత్తమే మీరు స్కాలర్‌షిప్‌గా అడగాల్సిన అంకె.

మీకు 529 ఖాతా (పిల్లల చదువు కోసం పన్ను మినహాయింపుతో దాచుకునే పొదుపు) ఉంటే దాన్ని మరచిపోకండి. గుర్తింపు ఉన్న కాలేజీకి కట్టే ట్యూషన్‌కు, తప్పనిసరి పుస్తకాలకు అందులో డబ్బు వాడుకోవచ్చు. 2025 జూలైలో వచ్చిన కేంద్ర చట్టం డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ ఫీజును కూడా పేరు పెట్టి ఈ జాబితాలో చేర్చింది. రసీదులు దాచి, పన్ను లెక్కలు చూసేవారికి చూపించండి.

ఇప్పుడు స్కాలర్‌షిప్

పేరున్న జాతీయ స్కాలర్‌షిప్‌ల మీద ఈ దశలో సమయం పెట్టడం దండగ అని నా నమ్మకం. వాటికి దేశమంతా పోటీ, పైగా అవి ఎక్కువగా డిగ్రీ చదువుకు ఇచ్చేవి. మీకు పుస్తకాలకు కావాల్సింది రెండు మూడు వందల డాలర్లు. అంత మొత్తం ఇచ్చేవాళ్ళు మీ ఊళ్ళోనే ఉన్నారు.

మొదట కాలేజీ ఫౌండేషన్. దాదాపు ప్రతి కమ్యూనిటీ కాలేజీకి దాతల డబ్బును నిర్వహించే సంస్థ ఒకటి విడిగా ఉంటుంది. చాలాచోట్ల ఒక్క దరఖాస్తు నింపితే, అర్హత ఉన్న నిధులన్నింటికీ దాన్నే పరిశీలిస్తారు. వాటిలో కొన్ని పూర్తికాలం విద్యార్థులకే ఇస్తారు, కాబట్టి "హైస్కూల్లో ఉండి చదివేవారికి వర్తించేవి ఏవి?" అని ఫోన్ చేసి అడగండి. తర్వాత మీ ఊరి రోటరీ, లయన్స్ క్లబ్బులు, మీరు పనిచేసే కంపెనీ ఉద్యోగుల పిల్లలకు ఇచ్చే సాయం, మీ క్రెడిట్ యూనియన్. మీ నగరంలోని తెలుగు సంఘాన్నీ కదిలించండి. ఉగాదికి హాలు అలంకరణ మీద పెట్టే ఖర్చులో కొంత తీసి పది మంది పిల్లలకు పుస్తకాలు కొనివ్వవచ్చని ఎవరో ఒకరు లేచి అనాలి. ఆ ఒకరు మీరే కావచ్చు.

దరఖాస్తుకు ముందే ఫీజు అడిగేవాళ్ళను నమ్మకండి. బ్యాంకు వివరాలో, సోషల్ సెక్యూరిటీ నంబరో మొదటి పేజీలోనే అడిగితే అక్కడే మూసేయండి.

ఇక వ్యాసం. మా అమ్మాయి మొదట రాసింది ఇలా ఉంది: "నేను కష్టపడి చదివే విద్యార్థిని. చిన్నప్పటి నుంచి నాకు సైన్స్ అంటే ఇష్టం. ఈ స్కాలర్‌షిప్ నా కలలను నెరవేర్చుకోవడానికి సాయపడుతుంది." అందులో అబద్ధం లేదు, కానీ అది ఏ ఇంటి పిల్లయినా రాసే మాటే. వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి, "మంగళవారం నీ సాయంత్రం ఎలా గడుస్తుందో చెప్పు" అన్నాను. చెప్పింది. అదే రాయమన్నాను. రెండోసారి ఇలా వచ్చింది:

"మా హైస్కూల్లో స్టాటిస్టిక్స్ చెప్పరు. మంగళ, గురువారాల్లో బడి అయ్యాక రెండు బస్సులు మారి కాలేజీకి వెళ్తాను. క్లాసు ఆరింటికి. అయిదున్నరకే చేరుకుంటాను కాబట్టి లైబ్రరీలో కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న చపాతీ తిని, పాఠం ముందుగా చదువుకుంటాను. ట్యూషన్ మాఫీ అయింది. హోంవర్క్ కోడ్, బస్సు పాసు కలిపి ఈ సెమిస్టర్‌కు 190 డాలర్లు అవుతుంది. నేను అడుగుతున్నది ఆ మొత్తమే."

ఎంపిక చేసేవాళ్ళు ఒక సాయంత్రం కూర్చుని ముప్పై నలభై దరఖాస్తులు చదువుతారు. బస్సు, చపాతీ, 190 అనే అంకె వాళ్ళకు గుర్తుంటాయి. ఖర్చు వివరం వ్యాసంలోనే ఉంటే, డబ్బు ఎటు పోతుందో అనే సందేహం కూడా ఉండదు. సిఫారసు లేఖ కోసం టీచర్‌ను కనీసం మూడు వారాల ముందు అడగాలి. అడిగేటప్పుడు ఈ వ్యాసం ప్రతిని కూడా చేతిలో పెట్టాలి.

హెచ్-4 పిల్లల తల్లిదండ్రులకు

ఈ భాగం మనలో చాలామందికి ముఖ్యం. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్న పిల్లలు కమ్యూనిటీ కాలేజీలో చదవడానికి ఇమిగ్రేషన్ పరంగా అడ్డు లేదు. సోషల్ సెక్యూరిటీ నంబరు లేదని కంగారుపడకండి. ఆ గడి ఖాళీగా వదిలేయవచ్చు, కాలేజీ తన సొంత విద్యార్థి నంబరు ఇస్తుంది. చిక్కు వచ్చేది నివాస హోదా దగ్గర. కాలేజీ కంప్యూటర్ వీసా పేరు చూసి, పరరాష్ట్ర ఫీజు వేసేస్తుంది. మామూలు ఫీజుకు అది ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ బిల్లు చూసి వెనక్కి తగ్గకండి. కాలిఫోర్నియా లాంటి చోట్ల హెచ్-4 కుటుంబాలు రాష్ట్ర నివాసులుగా లెక్కకు రావచ్చు.  ఇంటి అద్దె ఒప్పందం, రాష్ట్ర పన్ను పత్రాలు, డ్రైవింగ్ లైసెన్సు, ఐ-94 తీసుకుని ప్రవేశాల కార్యాలయానికి స్వయంగా వెళ్ళండి. స్కాలర్‌షిప్ ప్రకటనల్లో పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి మాత్రమే అని ఉందో లేదో మొదటే చూసుకోండి. కాలేజీ ఫౌండేషన్లు, ఊరి క్లబ్బులు ఇచ్చే వాటిలో ఈ షరతు లేనివి దొరుకుతాయి.

చేరాక జాగ్రత్తపడాల్సినవి

ఇంతవరకు డబ్బు గురించి చెప్పాను. డబ్బు కట్టకపోయినా ఈ క్లాసుకు ఒక వెల ఉంది. ఇక్కడ వచ్చిన గ్రేడు కాలేజీ ట్రాన్స్‌క్రిప్టులో శాశ్వతంగా ఉంటుంది. తర్వాత డిగ్రీలో చేరి సాయం అడిగినప్పుడు, తీసుకున్న క్రెడిట్లలో దాదాపు మూడింట రెండు వంతులు పూర్తిచేశారా, గ్రేడ్ల సగటు నిలబెట్టుకున్నారా అని చూస్తారు. అదే కాలేజీలో కొనసాగితే ఈ పాత క్లాసులూ ఆ లెక్కలోకి వస్తాయి. అందుకే మొదటి సెమిస్టర్‌లో ఒక్క క్లాసే తీసుకోనివ్వండి. పక్కింటి అబ్బాయి మూడు తీసుకున్నాడని మీరు మూడు పెట్టించకండి. కాలేజీ క్యాలెండర్లో రెండు తేదీలు ఉంటాయి. మొదటి తేదీలోగా వదిలేస్తే క్లాసు జాడ కూడా మిగలదు. రెండో తేదీలోగా వదిలేస్తే మధ్యలో వదిలేసినట్టు డబ్ల్యూ అనే అక్షరం ట్రాన్స్‌క్రిప్టులో మిగులుతుంది. రెండింటినీ ఇంట్లో క్యాలెండరు మీద ఎర్ర సిరాతో రాయండి.

ఇంకొకటి, నేను ఊహించనిది. అమ్మాయి మార్కులు ఎలా ఉన్నాయో కనుక్కుందామని కాలేజీకి ఫోన్ చేస్తే, "ఆ వివరాలు విద్యార్థికి మాత్రమే చెబుతాం" అన్నారు. పదహారేళ్ళ పిల్ల వివరాలు తండ్రికి చెప్పరా అని మొదట కోపం వచ్చింది. కానీ కాలేజీలో చేరిన క్షణం నుంచి, వయసు ఎంతైనా, ఆ రికార్డుల మీద హక్కు విద్యార్థిది అని కేంద్ర చట్టం చెబుతోంది. పన్ను పత్రాల్లో పిల్లను ఆధారపడిన వ్యక్తిగా చూపిస్తే తల్లిదండ్రులకు చూపించే వీలు కాలేజీకి ఉంది, కానీ తప్పనిసరి కాదు. ఆదివారం సాయంత్రం తన పక్కన కూర్చుని, తనే పోర్టల్ తెరిచి చూపించేలా మాట చేసుకున్నాం. మాకది ఫోన్ల కంటే బాగా పనిచేసింది.

క్రెడిట్లు తర్వాత ఎక్కడ చెల్లుతాయో క్లాసులో చేరకముందే చూడాలి. కాలిఫోర్నియాలో ఏ క్లాసు ఏ ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చెల్లుతుందో చూపే అసిస్ట్ సైటు ఉంది, టెక్సస్, ఫ్లోరిడాల్లో కోర్సులకు ఉమ్మడి నంబర్లు ఉన్నాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇలాంటి సెమిస్టర్ క్లాసును హైస్కూలు ఏడాది చదువుతో సమానంగా లెక్కిస్తుంది. పేరున్న ప్రైవేటు విశ్వవిద్యాలయాలు కొన్ని, హైస్కూలు పట్టాకు లెక్కించిన క్లాసులకు మళ్ళీ క్రెడిట్ ఇవ్వవు. హైస్కూలు పూర్తికాకముందు సంపాదించిన క్రెడిట్లు ఎన్ని ఉన్నా, సాధారణంగా పిల్లలు మొదటి ఏడాది విద్యార్థులుగానే దరఖాస్తు చేస్తారు, ఆ వర్గానికి ఇచ్చే స్కాలర్‌షిప్‌లు పోవు. పట్టా అందుకున్నాక వచ్చే శరదృతువులో కమ్యూనిటీ కాలేజీలో చేరితే మాత్రం ట్రాన్స్‌ఫర్ విద్యార్థిగా లెక్కకట్టవచ్చు. ఆ అడుగు వేసే ముందు చేరబోయే విశ్వవిద్యాలయాన్ని అడగండి.

సెమిస్టర్ అయ్యాక గ్రేడు హైస్కూలు రికార్డులోకి ఎక్కిందో లేదో కౌన్సెలర్ దగ్గర చూసుకోండి, చాలాచోట్ల అది దానంతట అది చేరదు. స్కాలర్‌షిప్ ఇచ్చినవాళ్ళకు అమ్మాయి చేత్తో ఒక ఉత్తరం రాయించి, రసీదుల నకలు జతచేసి పంపండి. మరుసటి ఏడాది దరఖాస్తు పిలుపు వచ్చినప్పుడు ఆ ఉత్తరాన్ని వాళ్ళు గుర్తుపెట్టుకున్నారని మాకు వచ్చిన ఫోనులో తెలిసింది. పన్నెండో తరగతిలో విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేసేటప్పుడు హైస్కూలు ట్రాన్స్‌క్రిప్టుతో పాటు కాలేజీ ట్రాన్స్‌క్రిప్టును విడిగా ఆ కాలేజీ నుంచే పంపించాలి. విద్యార్థి నంబరు, పాస్‌వర్డు ఇప్పుడే ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి.